నా వేళ్లు ఏ వంపులో ఆగాలి

"ఆపరేషన్ అయ్యాక వేళ్లు మళ్లీ ఆడతాయా డాక్టర్?" అని అడిగాను.

"ఆడవమ్మా. ఆ కణుపు ఇక కదలకుండా చేయడమే ఈ ఆపరేషన్" అన్నారాయన.

ఆ మాట నాకు ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. వంగిపోయిన వేళ్లను సాగదీసి, సరిచేసి, మళ్లీ పాత చెయ్యి ఇస్తారేమో అన్న ఆశతోనే అప్పటిదాకా డాక్టర్ల చుట్టూ తిరిగాను. నాకున్నది స్క్లెరోడెర్మా, చర్మం గట్టిపడి బిగుసుకుపోయే జబ్బు. అది ముదిరిన చేతికి ఆపరేషన్ అంటే అది కాదు. పోయిన కదలికను ఎవరూ తెచ్చివ్వలేరు. మిగిలిన చెయ్యి ఏ ఆకారంలో ఉంటే మన పనికి వస్తుందో తేల్చుకుని, ఆ ఆకారంలో దాన్ని నిలిపేస్తారు. ఇది ముందే ఎవరైనా నాకు విడమరిచి చెప్పి ఉంటే రెండేళ్ల బాధ తప్పేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాకు ఈ జబ్బు బయటపడింది 34 ఏళ్లప్పుడు. మొదట రేనాడ్స్. చల్లటి నీళ్లలో చెయ్యి పెడితే చాలు, వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడేవి, తర్వాత నీలంగా మారేవి, రక్తం తిరిగి వచ్చేటప్పుడు ఎర్రబడి భగ్గుమనేవి. అదేదో రక్తం తక్కువై అనుకున్నాను. ఆరు నెలల తర్వాత చేతులు ఉబ్బాయి, ఉంగరం ఎక్కలేదు. ఆ వాపు తగ్గింది కానీ తగ్గాక చర్మం కింద ఎముకకు అతుక్కున్నట్టు బిగిసిపోయింది. ఈ జబ్బుకు మందులిచ్చే మా రుమటాలజిస్ట్ ఒంటి మీద 17 చోట్ల చర్మం గిల్లి చూసి, ఒక్కోచోటికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. చర్మం ఎంత బిగిస్తే అన్ని ఎక్కువ మార్కులు, మొత్తం కలిపితే ఎక్కువలో ఎక్కువ 51. నాది ఒక దశలో 34కి వెళ్లింది. లెక్కల టీచరుని కాబట్టి ఆ అంకె నాకు బాగా గుర్తుండిపోయింది.

కొన్నేళ్లకు ఒంటి మీద చర్మం కొంత మెత్తబడింది. ఈ జబ్బులో చాలామందికి అలా జరుగుతుందట. చేతులు మాత్రం వెనక్కి రాలేదు. అప్పటికే వేళ్లు గోళ్లు ముడిచిన పక్షి కాలులా అయిపోయాయి. వేలి మొదట్లో ఉండే మెటిక వెనక్కి విరిచినట్టు లేచి ఉంటుంది. మధ్య కణుపు మాత్రం అరచేతి వైపు మడతపడి, ఇక తెరుచుకోదు. కుడి చేతి చూపుడువేలు, నడిమి వేలు దాదాపు లంబకోణం దాటి వంగిపోయాయి. ఆ మధ్య కణుపు పైన చర్మం కాగితంలా పలచబడి, లోపలి ఎముక తెల్లగా కనిపించేంతగా సాగి ఉండేది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. స్క్లెరోడెర్మా చేతికి వచ్చే పుళ్లన్నీ ఒకటి కావు. వేలి కొసన వచ్చే పుండు రక్తం అందక వచ్చేది. సన్నటి రక్తనాళాలు లోపల పూడిపోయి, చలికి ఇంకా బిగుసుకుపోయి, కొస ఆకలితో చచ్చిపోతుంది. మధ్య కణుపు పైన వచ్చే పుండుకు కూడా రక్తం తక్కువే కానీ, అసలు కారణం సాగదీత, తాకిడి. వంగిన కణుపు చేతిలో అన్నిటికంటే ముందుకు పొడుచుకువచ్చి ఉంటుంది. సంచిలో చెయ్యి పెట్టినా, సొరుగు లాగినా, పక్కగుడ్డ సర్దినా ముందు తగిలేది అదే. నాకు రెండేళ్లపాటు ఈ కణుపు పుళ్లకు రక్తనాళాలు వెడల్పు చేసే మందులే పెంచుకుంటూ పోయారు. నిఫెడిపిన్, తర్వాత సిల్డెనాఫిల్, తర్వాత బోసెంటాన్. కొసలకు అవి నిజంగా పనిచేశాయి, కొత్త పుళ్లు తగ్గాయి. కణుపు మీది పుండు మాత్రం మానినట్టే మాని, వారం తిరక్కుండా మళ్లీ పగిలేది. సాగిన చర్మం సాగినట్టే ఉంటే ఏ మాత్ర మాత్రం ఏం చేస్తుంది?

ఒకరోజు క్లాసులో బల్ల అంచుకు నడిమి వేలు తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ పుండు తెరుచుకుని, నాలుగు రోజుల్లో చీము పట్టింది. లోపల కీలు దాకా వెళ్లింది. కణుపును చాపే సన్నటి తాడులాంటిది ఒకటుంటుంది, టెండన్ అంటారు. అది అప్పటికే కుళ్లిపోయింది. నేను ముందు వెళ్లిన చోట ఒక సర్జన్ గారు కట్టు విప్పి, ఒక నిమిషం చూసి, "ఈ వేలు తీసేద్దాం, రేపే రండి" అన్నారు. నా వేళ్లతో నేనేం పని చేస్తానో అడగలేదు. వేలు తీసేయడం ఎప్పుడూ తప్పని నేను అనను. నాలాగే స్క్లెరోడెర్మా ఉన్న ఒకావిడ వేలు తీయించుకుని, ఆ నొప్పి నుంచి బయటపడి, ఎన్నో ఏళ్లకు కంటినిండా నిద్రపోయానని నాతోనే చెప్పారు. కానీ అది అన్ని దారులూ చూశాక తీసుకోవాల్సిన నిర్ణయం. ఆ రాత్రి మావారు, "ఇంకొకరికి చూపిద్దాం. ఒక్క వారంలో మునిగిపోయేదేం లేదు, యాంటీబయాటిక్ నడుస్తోంది కదా" అన్నారు. మా రుమటాలజిస్ట్ ఒక హ్యాండ్ సర్జన్ దగ్గరికి పంపారు. ఎముకల డాక్టర్లలోనూ, ప్లాస్టిక్ సర్జన్లలోనూ చేతులే ప్రత్యేకంగా చూసేవాళ్లు ఉంటారు. వాళ్లలోనూ స్క్లెరోడెర్మా చేతికి కత్తి పెట్టిన అనుభవం ఉన్నవాళ్లను వెతుక్కోవాలి. ఆ తేడా నేను కళ్లారా చూశాను.

ఆయన నా చేతిని దాదాపు నలభై నిమిషాలు చూశారు. మణికట్టు దగ్గర రెండు వైపులా నొక్కి, ఒక్కోవైపు వదులుతూ, అరచేతిలోకి రక్తం ఎటు నుంచి వస్తోందో గమనించారు. తర్వాత డాప్లర్ అనే యంత్రం పెట్టి రక్తం పారే చప్పుడు నాకూ వినిపించారు. చిటికెన వేలి వైపు రక్తనాళం దాదాపు మూగగా ఉంది. ఈ జబ్బులో ఆ నాళం మూసుకుపోవడం తరచూ చూస్తామన్నారు. ఎక్స్‌రేలో నా వేలి చివరి ఎముకల కొసలు అరిగి పెన్సిల్ మొనల్లా ఉన్నాయి. బొటనవేలి కండలో తెల్లటి గింజలు చల్లినట్టు కాల్షియం.

"చర్మాన్ని పెంచలేం. ఎముకను తగ్గించగలం. దుప్పటి ఉన్నంతే కాళ్లు చాపుకోవాలంటారు కదా, ఇదీ అంతే" అన్నారు. మధ్య కీలు దగ్గర పాడైన ఎముకను, రెండు వైపులా కొంచెం కొంచెం కోసి తీసేస్తారు. వేలు పొట్టిదవుతుంది. పొట్టిదయ్యేసరికి మీద చర్మానికి బిగువు తగ్గి, పుండు తీసేసినా అంచులు లాగకుండా కలుస్తాయి. ఆ రెండు ఎముకలనూ ఒక వంపులో పెట్టి, సన్నటి తీగలతో బిగించేస్తే అవి కలిసి ఒకే ఎముక అవుతాయి. దాన్నే ఫ్యూజన్ అంటారు. నా ప్రశ్న, దానికి ఆయన చెప్పిన జవాబు అక్కడే. వేళ్లు ఆడవు.

"మరి పూర్తిగా తిన్నగా పెట్టేయండి, చూడటానికైనా బాగుంటుంది" అన్నాను. ఏడుపు ఆపుకుంటూ అన్న మాట అది.

ఆయన కోప్పడలేదు. తన చెయ్యి చాపి, మెటికలను వెనక్కి విరిచినట్టు పెట్టి, వేళ్లు తిన్నగా ఉంచి, బొటనవేలితో చూపుడువేలి కొసను అందుకోవడానికి ప్రయత్నించారు. అందలేదు. చదివేవాళ్లు కూడా ఒకసారి చేసి చూడండి, వెంటనే అర్థమవుతుంది. నా మెటికలు ముందుకు వంగవు. కాబట్టి వేలు బొటనవేలి దగ్గరికి రావాలంటే ఆ వంపు మధ్య కణుపు దగ్గరే ఉండాలి. తిన్నగా పెడితే వేళ్లు ఫొటోలో అందంగా ఉంటాయి, పెన్ను మాత్రం ఎప్పటికీ పట్టుకోలేవు. మరీ వంచితే మళ్లీ కణుపు అన్నిటికీ తగులుతుంది. ఈ రెంటి మధ్యా ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న.

"మీ చేత్తో మీరు రోజూ ఏం చేయాలనుకుంటున్నారో రాసుకుని రండి" అని పంపారు.

ఆ రాత్రి మా అమ్మాయి రాసింది, నేను చెప్పాను. నా చెయ్యి కట్టులో ఉంది. పెన్ను పట్టుకోవడం. తాళంచెవి తిప్పడం. గ్లాసు ఎత్తడం. జుట్టు దువ్వుకోవడం. బొత్తాలు. ముఖం కడుక్కోవడం, అంటే మెటికలు బుగ్గలకు గీసుకోకుండా అరచేత్తో కడుక్కోవడం. మావారు పక్క నుంచి, "మాత్రల స్ట్రిప్ చించడం రాయమ్మా, రోజూ పంటితో తంటాలు పడుతోంది మీ అమ్మ" అన్నారు. నేను గమనించనే లేదు, అది నిజంగా రోజుకు ఐదుసార్లు చేసే పని. మొత్తం 22 పనులయ్యాయి. సర్జన్ గారు ఆ కాగితం ఆసాంతం చదివి, "అన్నీ కుదరవు. మూడు ఎంచుకోండి" అన్నారు. పెన్ను, మాత్ర తీసుకునే పట్టు, మళ్లీ పుండు పడకపోవడం. ఈ మూడే ఎంచుకున్నాను. గ్లాసు ఎడమ చేత్తో ఎత్తుకోవచ్చు. జుట్టు సంగతి దువ్వెనకు పొడుగు పిడి పెట్టించుకుంటే తీరుతుంది. చూపుడువేలు 45 డిగ్రీల దగ్గర, నడిమి వేలు 50 దగ్గర అనుకున్నాం. పిల్లలకు కోణాలు చెప్పే నేను నా వేళ్లకు కోణం ఎంచుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

అత్యవసరం కాకపోతే చలి రోజుల్లో పెట్టుకోవద్దన్నారు, ఇన్ఫెక్షన్ అదుపులోకి రాగానే ఎండలు ముదిరే వేళకు తేదీ ఇచ్చారు. ఈలోగా ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే పరీక్ష, స్కాన్, గుండెకు ఎకో, కిడ్నీ పరీక్షలు. స్క్లెరోడెర్మాలో చెయ్యి ఒక్కటే రోగి కాదు, ఒళ్లంతా కలిసి ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు ఏది ఎన్నాళ్లు ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది రుమటాలజిస్ట్, సర్జన్ ఫోన్‌లో మాట్లాడుకుని తేల్చారు. ఎవరూ ఎక్కువ డోసు స్టెరాయిడ్ రాయకుండా చూడమని మా రుమటాలజిస్ట్ ప్రత్యేకంగా చీటీ రాసిచ్చారు. ఈ జబ్బులో పెద్ద డోసు స్టెరాయిడ్ కిడ్నీల మీద ఒక్కసారిగా దెబ్బ కొట్టే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కు ముందు ఐదు రోజులు, రోజుకు ఆరేసి గంటలు, రక్తనాళాలు తెరుచుకోవడానికి ఇలోప్రాస్ట్ అనే మందు సెలైన్‌లో ఎక్కించారు. తలనొప్పి, దవడల నొప్పి భరించలేక రెండుసార్లు వేగం తగ్గించమని అడిగాను. తగ్గించారు. అడగాలి, ఓర్చుకోవాల్సిన పని లేదు.

మావారు ఆ నెలలో సిగరెట్ మానేశారు. "ఇంట్లో ఎవరు పొగ తాగినా ఆవిడ వేళ్లకే దెబ్బ" అని సర్జన్ ఆయన ముఖం మీదే చెప్పారు. నేను ఎన్నిసార్లు చెప్పినా జరగనిది ఆ ఒక్క మాటతో జరిగింది.

ఇక మత్తు డాక్టర్ గారి గురించి. ఆపరేషన్ ఎంత ముఖ్యమో ఈ మాట అంత ముఖ్యమని నా నమ్మకం. ఆవిడ ముందు నన్ను నోరు తెరవమన్నారు. మామూలుగా మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోవాలట. నాకు ఒకటిన్నర. ముఖం మీద చర్మం కూడా బిగుసుకుపోతుంది కదా. మెడ కూడా సరిగా వెనక్కి వాలదు. పైగా అన్నవాహిక బలహీనమై కడుపులోది పైకి ఎగదన్నుతుంది. ఇలాంటివాళ్లకు పూర్తి మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేయడం చాలా కష్టం, ప్రమాదం. "చెయ్యి మాత్రమే మొద్దుబారేలా భుజం దగ్గర బ్లాక్ ఇస్తాను. మీరు మెలకువగానే ఉంటారు. తల ఎత్తుగా పెట్టి పడుకోబెడతాను" అన్నారు. స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లు ఏ ఆపరేషన్‌కు వెళ్లినా, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, నోరు ఎంత తెరుచుకుంటుందో, ఎగదన్నుడు ఉందో లేదో ముందే చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

ఆపరేషన్ రోజు ఒక పొరపాటు జరిగింది. థియేటర్ వెచ్చగా ఉంచమని సర్జన్ ముందే చెప్పి పెట్టారు, అక్కడ ఉంచారు కూడా. కానీ అంతకుముందు నన్ను పలచటి గౌనుతో ఏసీ వరండాలో స్ట్రెచర్ మీద ముప్పావు గంట ఉంచేశారు. దుప్పటి అడిగితే "ఇదిగో వస్తోంది" అన్నారు. రాలేదు. ఎడమ చేతి వేళ్లు నాలుగూ తెల్లగా అయిపోయాయి. మత్తు డాక్టర్ బయటికి వచ్చి చూసి, ఆవిడే పరిగెత్తుకెళ్లి వేడిగాలి దుప్పటి తెచ్చి కప్పారు. నా ఫైల్ మీద జబ్బు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. చలికి ఆ జబ్బు ఏం చేస్తుందో ఆ వరండాలో ఎవరికీ తెలియదు. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. తర్వాతి ఆపరేషన్‌కు ఇంటి నుంచే ఉన్ని తొడుగులు, సాక్సులు, శాలువా తీసుకెళ్లి, పిలిచేదాకా విప్పనని చెప్పాను.

సెలైన్ సూది పెట్టడానికి రక్తనాళం దొరకలేదు. గట్టి చర్మం కింద తడిమితే తెలియదు, అల్ట్రాసౌండ్ పెట్టి మోచేతి పైన దొరకబుచ్చుకున్నారు. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు నా వేళ్ల మీద అంకె చూపించదు, రక్తమే సరిగా రాదు కాబట్టి. చెవి తమ్మెకు పెట్టారు. ఇవన్నీ చకచకా జరిగిపోయాయి.

బ్లాక్ ఇచ్చిన పదిహేను నిమిషాలకు చెయ్యి నాది కానట్టు బరువైపోయింది. ఎడమ చేతి మణికట్టుతో దాన్ని తాకి చూశాను. వెచ్చగా ఉంది. నా కుడి చెయ్యి వెచ్చగా ఉండటం ఎన్నో ఏళ్లలో అదే మొదలు. బ్లాక్ రక్తనాళాలను బిగించే నరాలను కూడా మొద్దుబారుస్తుంది, అందుకని అవి తెరుచుకుంటాయట. ఆ కాసేపు ఆ వేడిని అలాగే తాకుతూ ఉండాలనిపించింది.

తెర అవతల రంపం శబ్దం చిన్నగా, పంటి డాక్టర్ దగ్గర వినిపించే లాంటిది. నొప్పి లేదు, కుదుపు తెలిసేది. చూపుడువేలికి తీగలు వేశాక సర్జన్, "అమ్మా, ఒకసారి చూస్తారా" అని తెర కాస్త దించారు. రక్తం తుడిచేసి, గుర్తులు పెట్టే స్టెరైల్ పెన్నును నా చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య తానే పెట్టి, నా చేతిని తన చేత్తో కదిపారు. "ఇలా పడుతుంది. చాలా, ఇంకొంచెం వంచమంటారా?" కొస నుంచి కొసకు కాకుండా, పెన్ను వేలి పక్కకు ఆనుతోంది. నేను ఎప్పుడూ పెన్ను పట్టుకునే తీరు అది కాదు. "ఇంకొంచెం" అన్నాను. తీగ వెనక్కి లాగి, అయిదారు డిగ్రీలు వంచి, మళ్లీ బిగించారు. ఆ అయిదారు డిగ్రీలు నావి.

బొటనవేలి కండలో కాల్షియం చివర్లో తీశారు. కొంత టూత్‌పేస్టులా వచ్చిందట, కొంత రాళ్లలా. అన్నీ తియ్యలేదు. సాంతం తవ్వితే మీద చర్మానికి ఉన్న కొద్దిపాటి రక్తం కూడా పోతుందని, నొక్కితే ప్రాణం పోయేట్టున్న గుట్టను మాత్రం తగ్గించానని చెప్పారు. మళ్లీ పేరుకోవచ్చని కూడా ముందే చెప్పారు.

బ్లాక్ మర్నాడు మధ్యాహ్నందాకా వదల్లేదు. పన్నెండు గంటల్లో తగ్గుతుందనుకున్నది అంతసేపు ఉండేసరికి నాకు టెన్షన్ మొదలైంది. స్క్లెరోడెర్మాలో ఇలా ఎక్కువసేపు ఉండటం మామూలేనని మత్తు డాక్టర్ వచ్చి చెప్పి వెళ్లాక కుదుటపడ్డాను.

ఐదో రోజు కట్టు విప్పారు. వేళ్లు పొట్టిగా, ఉబ్బి, కొసల నుంచి తీగలు పొడుచుకువచ్చి ఉన్నాయి. మా అమ్మాయి తల తిప్పుకుంది. చూపుడువేలు గాయం చక్కగా కలిసింది. నడిమి వేలు కుట్ల అంచున మాత్రం ఒక గీత ఊదారంగులో ఉంది. మరో వారానికి అది నల్లబడింది. కుట్టు విడిపోతుందని, ఎముక బయటపడుతుందని, చివరికి వేలు తీసేయాల్సిందేనని మూడు రాత్రులు ఏడ్చాను. సర్జన్ దాన్ని ముట్టుకోలేదు. "పొడిగా ఉంది, చీము లేదు. కింద నుంచి దానంతట అదే కడుతుంది. గీకొద్దు" అన్నారు. కట్టిందండీ. తొమ్మిది వారాలు పట్టింది. స్క్లెరోడెర్మా చర్మం మానదని అందరూ భయపెడతారు. మానుతుంది, బిగువు లేకుండా కలిపి, వెచ్చగా ఉంచి, ఓపిక పడితే. కానీ మామూలు వాళ్ల లెక్క దానికి పెట్టకూడదు. కుట్లే మూడు వారాలు దాటాక తీశారు.

తీగలు ఎనిమిది వారాలు ఉంచారు. నాలుగో వారం ఒక తీగ చుట్టూ ఎర్రబడి రసి కారింది, యాంటీబయాటిక్‌తో తగ్గింది. తీగలు తీసేటప్పుడు ఊహించినంత నొప్పి లేదు. పన్నెండో వారం ఎక్స్‌రేలో చూపుడువేలు ఎముక కలిసిపోయింది, నడిమి వేలిలో సన్నటి గీత ఇంకా కనిపించింది. "నొప్పి లేకుండా గట్టిగా ఉంటే ఆ గీతతో గొడవ లేదు" అన్నారు. ఇప్పటికీ గొడవ లేదు.

ఫిజియోథెరపీ గురించి చాలామంది అడుగుతారు. ఫ్యూజన్ చేసిన కణుపుకు వ్యాయామం ఉండదు. మిగిలిన కీళ్లకు, బొటనవేలికి, ఎడమ చేతికి ఉంటుంది. మా థెరపిస్ట్ నేర్పిన వెచ్చటి మైనం స్నానం, అంటే కరిగిన మైనంలో చేతులు ముంచడం, ఆ వెంటనే మెల్లగా సాగదీసే వ్యాయామాలు ఇప్పటికీ చేస్తాను. పుండు ఉన్న రోజున మైనం జోలికి పోను. జబ్బు కొత్తగా వచ్చినవాళ్లు ఈ సాగదీతలు మొదటి నెల నుంచే చేయాలి. నేను చేయలేదు, చేతులు ఉబ్బి నొప్పిగా ఉన్నాయని కదపకుండా ఉంచుకున్నాను.

ఏడు నెలల తర్వాత చలికాలంలో ఉంగరపు వేలి కొస నల్లబడింది. ఇది ముందు చెప్పిన కొస పుండు, రక్తం అందక వచ్చేది. ఆ నొప్పి గురించి రాయడం నా వల్ల కాదు. కొస కోసేయమని నేనే అడిగాను. సర్జన్ ఒప్పుకోలేదు. తడి లేకుండా, చీము లేకుండా ఎండుతున్న కొసను శరీరమే విడగొట్టుకుంటుందని, తను కోస్తే బతికి ఉన్న భాగం కూడా కొంత పోతుందని అన్నారు. బదులుగా అరచేతిలో, మణికట్టు దగ్గర రక్తనాళాల చుట్టూ అల్లుకున్న పొరను మైక్రోస్కోప్ కింద ఒలిచేశారు. నాళాన్ని బిగించమని చెప్పే సన్నటి నరాలు ఆ పొరలో ఉంటాయి. 1980లో ఏడ్రియన్ ఫ్లాట్ అనే హ్యాండ్ సర్జన్ వేళ్ల రక్తనాళాలకు ఇలా చేయడాన్ని మొదట వివరించారట. నాళం లోపలి పూడికను ఇది తియ్యదు. అందుకే ఎంత ఫలితం ఉంటుందో, ఎన్నాళ్లు ఉంటుందో ముందు చెప్పలేనన్నారు. నాకు మూడో రాత్రికే నొప్పి సగానికి తగ్గింది. నల్లటి కొస నాలుగు నెలలకు ఒకరోజు కట్టు మారుస్తుంటే దానంతట అదే ఊడి వచ్చింది. కింద గులాబీ రంగు చర్మం. గోరు సగం మిగిలింది.

పోయినవి కూడా చెప్పాలి. పిడికిలి బిగించలేను. రెండు వేళ్లు పక్కవాటికంటే పొట్టిగా, కొక్కేల్లా ఉంటాయి, కొత్తవాళ్లు చూస్తూ ఉండిపోతారు. బొత్తాలు ఇప్పటికీ కొక్కెం ఉన్న పుల్లతోనే పెట్టుకుంటాను. సన్నటి సూది, నాణెం నేల మీద పడితే తీయలేను. చలికి వేళ్లు ఇంకా తెల్లబడతాయి, మందులన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఆపరేషన్ జబ్బును ముట్టుకోలేదు.

కానీ ఆ రెండు కణుపుల మీద పుండు లేక ఇరవై నెలలైంది. బ్యాగులో చెయ్యి చూడకుండా పెడుతున్నాను. మాత్రల స్ట్రిప్ చించుకుంటున్నాను. బడిలో చాక్‌పీసుకు లావాటి గొట్టం తొడిగి, బోర్డు మీద వృత్తం గీస్తున్నాను.

వచ్చే నెల ఎడమ చెయ్యి. అందులో నడిమి వేలు, ఉంగరపు వేలు. ఎడమ చేతి పని వేరు. అది రాయదు, పట్టుకుని ఉంటుంది. కుడి చెయ్యి రాస్తుంటే కాగితాన్ని కదలనివ్వదు, గ్లాసు మోస్తుంది, సంచి తగిలించుకుంటుంది. దానికి ఇంకొంచెం వంపు కావాలేమో అనిపిస్తోంది, సర్జన్‌తో మాట్లాడాలి. నిన్న రాత్రి కూర్చుని జాబితా రాశాను, 14 పనులు. మా అమ్మాయి "నేను రాస్తానమ్మా" అంటూ వచ్చింది. అప్పటికే సగం పేజీ అయిపోయింది, నా చేతిరాతలోనే.